సంబంధం రాసే గడి

అమ్మన్న పాసు చాంపాలో పట్టుబడిన నాలుగో రోజున త్రినాథరావు రెండు ఫారాలు చేత్తో పట్టుకుని డ్యూటీ నుంచి ఇంటికొచ్చాడు.

ఆ నాలుగు రోజులూ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ల వరసలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. అమ్మన్న వ్యాగన్ షెడ్డులో ఫిట్టరు. ఇంటివాళ్ళకి మాత్రమే ఇచ్చే ఉచిత రైలు పాసులో భార్య చెల్లెల్ని కూతురని రాయించుకుని ఊరికి తీసుకెళుతుంటే తనిఖీ స్క్వాడు వాళ్ళు బండెక్కారు. పదకొండేళ్ళ పిల్లని పక్కకి పిలిచి మీ నాన్న పేరేమిటని అడిగారు. అది పాపం నిజం చెప్పింది. అమ్మన్నని సస్పెండు చేశారు. తప్పు తప్పే, కాదనడానికి లేదు. కాని ఆ వరసలో పద్దెనిమిది ఇళ్ళుంటే, అలాంటి కొడుకో కూతురో లేని ఇళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే అందరి గొంతులూ తగ్గిపోయాయి.

అందరికంటే ఎక్కువ తగ్గింది త్రినాథరావు భార్య నీలవేణి గొంతు. ఆమె ఇంట్లోనూ ఒక కూతురుంది. బయటి పేరు సౌభాగ్య, ఇంట్లో చిన్నమ్మి, పదిహేడేళ్ళు. కన్నది త్రినాథరావు చెల్లెలు అప్పలనర్సమ్మ. మూడేళ్ళ పిల్లగా టెక్కలి దగ్గర నుంచి ఈ క్వార్టర్‌కి వచ్చింది. దత్తత కాగితమంటూ ఏదీ లేదు. అన్న అడిగాడు, చెల్లెలు ఇచ్చింది, మధ్యలో కాగితాలెందుకు? బళ్ళో కూతురనే రాయించారు. ఆఫీసులో పాసుల కోసం ఇచ్చే డిక్లరేషన్లో కూడా త్రినాథరావు కూతురనే రాశాడు. గూడ్సు గార్డుగా ఇరవయ్యారేళ్ళ పాటు బండి ఏ స్టేషన్లో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి ఆగిందో, ఎప్పుడు కదిలిందో తేడా లేకుండా జర్నల్లో రాసిన మనిషి. ఆ చెయ్యి రాసిన అబద్ధం అదొక్కటే.

నీలవేణి ఆయన సంచీలోంచి జెండాలు తీసి, ఎర్రదాన్ని ఒక బకెట్లోనూ పచ్చదాన్ని ఇంకో బకెట్లోనూ నానేసింది. కలిపి నానేస్తే ఎరుపు దిగి పచ్చజెండా పాడవుతుంది. ఆ పని చేస్తూ కూడా ఆమె కళ్ళు ఫారాల మీదే ఉన్నాయి. ఈ నాలుగు రోజుల నుంచి ఇంట్లోకి ఏ కాగితమొచ్చినా ముందు ఆఫీసు ముద్ర ఉందేమోనని వెతుకుతోంది.

"ఏటండవి? ఆఫీసోళ్ళిచ్చినారా?"

"ఆఫీసు కాదే. బ్యాంకు. కార్డులంట. హర్ష అని హైదరాబాద్ అబ్బాయి, టై కట్టుకుని మా డ్యూటీ లాబీలో నిలబడ్డాడు. గార్డులకీ డ్రైవర్లకీ అందరికీ ఇస్తన్నాడు. రెండు రకాలంట, ఏదో ఒకటే తీసుకోవాల."

బ్యాంకు అనగానే నీలవేణికి ఊపిరొచ్చింది. చిన్నమ్మి వచ్చి గచ్చు మీద బాసింపట్టు వేసుక్కూచుని ఫారాలు తిరగేసింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు కాగితాలన్నీ చదివేది ఆ పిల్లే. తెలుగు మాత్రం కూడబలుక్కుని చదువుతుంది.

"దీంట్లో క్యా హై నా, కార్డుతో ఏది కొన్నా నూటికి ఇంత అని వాపస్ వస్తాది. డబ్బులే వెనక్కి. రెండోది విమానం కంపెనీది. ఎంత వాడితే అన్ని పాయింట్లు. పాయింట్లు నిండితే విమానం టికెట్ ముఫ్త్."

"ఇమానవా!" నీలవేణికి నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. "బిలాస్‌పూర్లో ఎక్కడ దిగుతాదే ఇమానం, బుధవారీ బజార్లోనా? వంకాయల కొట్టు పక్కనా? డబ్బులు వెనక్కొచ్చేదే తీసుకోండి. పిల్ల కాలేజీ బట్టలైనా కొనుక్కోవచ్చు."

"అదే అనుకున్నాన్నేనూ," అన్నాడు త్రినాథరావు బూట్ల తాళ్ళు విప్పుతూ.

"ఔర్ ఏక్ బాత్," అంది చిన్నమ్మి. "విమానం కార్డుకి యాక్సిడెంట్ ఇన్సూరెన్సు కూడా ఉంది. విమానంలో పోతే నాలుగు లక్షలు. రైల్లోగానీ రోడ్డు మీదగానీ అయితే రెండు."

ఆయన చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. "రైల్లో కూడానా? సరిగ్గా సూడు."

"ఉంది నాన్నా. ఇదిగో."

"అయితే అదే రాయి."

"పొద్దున్నే సావు మాటలేటండి!" అంది నీలవేణి. ఆయన ఒక బూటు కాలికుండగానే వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు. పేరు, ఉద్యోగం, జీతం, క్వార్టర్ నంబరు ఒక్కొక్కటే చెబుతుంటే చిన్నమ్మి గుండ్రని అక్షరాలతో నింపుకుంటూ పోయింది. ఫారం అడుగున నామినీ పేరు అని ఉంది. ఆయన చెప్పినట్టే సౌభాగ్య అని రాసుకుంది. ఆ పక్క గడిలో సంబంధం రాయాలి. కలం ఆనించబోయింది.

"ఆగమ్మా," అన్నాడు త్రినాథరావు. "అక్కడ మేనకోడలని రాయి."

చిన్నమ్మి తలెత్తి చూసింది.

"ఇన్సూరెన్సోళ్ళు మనిషి పోయాక ఎంక్వైరీ సేస్తారంట. రాసినదానికీ ఉన్నదానికీ తేడా వొస్తే పైసా ఇవ్వరంట. ఆ అబ్బాయే సెప్పినాడు. నీకే కదా రావాల. నిజం రాసీ."

ఆ పిల్ల కాసేపు గడివైపు చూసింది. చాలా చిన్న అక్షరాలతో రాసింది. సిరా ఆరేలా ఊదింది. కలానికి మూత పెట్టింది.

"రాసేశాను మామయ్యా," అని నవ్వింది.

ఇంకెవరూ నవ్వలేదు. నీలవేణి ఎర్రజెండాని అవసరమైన దానికంటే గట్టిగా పిండింది. మర్నాడు డ్యూటీకి వెళుతూ త్రినాథరావు ఆ ఫారాన్ని లాబీలో హర్షకిచ్చి, బొగ్గు బండి మీద షహడోల్ వెళ్ళిపోయాడు.

ఆదివారం బజార్లో గోవిందరావు కనిపించాడు. పాస్ సెక్షన్లో క్లర్కు, విజయనగరం వైపు మనిషి, నీలవేణిని చెల్లీ అంటాడు. బెండకాయ కొసలు విరిచి చూస్తూ, మాటల్లో మాటగా అన్నాడు.

"మీ ఆయన కార్డుకి పెట్టినాడట కదమ్మా. బ్యాంకు తరఫు మనిషొకడు నిన్న మా సెక్షన్‌కొచ్చి జాబితా ఇచ్చెళ్ళాడు. మంగళవారం వొచ్చి అందరివీ చూసుకుంటాడట."

"ఏటి చూస్తాడన్నయ్యా?"

"ఉద్యోగం నిజమా కాదా, జీతమెంత, ఇంట్లో ఎవరెవరు. విమానం కార్డుకి ఇన్సూరెన్సుంది కదా, నామినీని కూడా మా డిక్లరేషన్‌తో సరిచూసుకుంటాడంట. ఆ తర్వాత ఇంటికీ వొస్తాడు."

నీలవేణి చేతిలో ఉన్న టమాటాని తిరిగి బుట్టలో పెట్టింది. ఏ బుట్టలోంచి తీసిందో దాంట్లో పెట్టలేదు. కొట్టువాడు ఛత్తీస్‌గఢీలో ఏదో గొణిగాడు. ఆమెకి వినిపించలేదు.

"డిక్లరేషను చూపించకపోతే ఏటవుతాది?"

గోవిందరావు అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి తెలుసో తెలియదో ఆమెకెప్పుడూ తెలియలేదు. తెలిసినవాడిలా ఎన్నడూ మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడలేదు.

"ఆఫీసరే చూపించమని సంతకం పెట్టినాడు చెల్లీ. అమ్మన్న సంగతయ్యాక ఎవడి ఫైలు దాస్తే వాడి మెడకే చుట్టుకుంటాది," అని బెండకాయలు సంచీలో పోసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకి గుర్తులేదు. త్రినాథరావు లైన్లో ఉన్నాడు. ఆయన బండి ఏ లూప్ లైన్లో పడి ఉందో దేవుడికి తెలియాలి. పద్నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఇప్పుడు గనక రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, ఒకదాంట్లో కూతురు, ఒకదాంట్లో మేనకోడలు. రెండింటి కిందా ఆయన సంతకమే. పింఛను పోతుంది, ఈ క్వార్టర్ పోతుంది. అవి తలుచుకుంటే భయమేసింది. ఇంకో భయం వాటి వెనక నిలబడి ఉంది. "ఈ పిల్ల మీ పిల్ల కాదు" అని ఎవరో ఒక ఆఫీసరు, కుర్చీలో కూర్చుని, కాగితం చూపించి, పిల్ల ఎదురుగానే అంటాడు. పద్నాలుగేళ్ళుగా ఆమె ప్రతి స్టేషన్లోనూ భయపడింది ఆ మాటకే.

ప్రతి స్టేషన్లోనూ అంటే అక్షరాలా ప్రతి స్టేషన్లోనూ. ఊరికి బయల్దేరిన ప్రతిసారీ బండి రాకముందు ప్లాట్‌ఫారం బెంచీ మీద పిల్లని కూర్చోబెట్టి అడిగేది. నీ పేరేటి? సౌభాగ్య. నాన్న పేరు? త్రినాథరావు, గార్డు. ఈవిడెవరు? అమ్మ. నోట్లో బిస్కెట్టుతోనే గడగడా అప్పజెప్పేది చిన్నమ్మి. పెద్దదయ్యాక విసుక్కునేది, "ఎన్నిసార్లే అమ్మా, నేనేమైనా కె.జి. క్లాసా?" అనేది. అయినా నీలవేణి అడగడం మానలేదు.

ఇప్పుడు వంటింట్లో పీట వేసి మళ్ళీ కూర్చోబెట్టింది.

"మంగళారం బ్యాంకోడొస్తాడు. ఆడు అడిగితే మేనకోడల్నని సెప్పాల. ఫారంలో అలగే ఉంది కదా."

"అచ్ఛా."

"రైల్వే ఆఫీసోళ్ళొస్తే మాత్రం కూతుర్నని సెప్పాల."

"అచ్ఛా. ఇద్దరూ కలిసొస్తే?"

 అసలు బ్యాంకువాడు ఆఫీసు నుంచే వస్తున్నాడు, ఇద్దరూ కలిసొచ్చినట్టే. చిన్నమ్మి కొత్తిమీర కాడలు తుంపుతూ ఉంది. ఆకులు ఒక పక్కకీ కాడలు ఒక పక్కకీ వెయ్యాల్సింది పోయి అన్నీ కలిపేసింది.

"అమ్మా, ఒకటడగనా? నన్ను తిరిగి ఊరికి పంపించేస్తే నాన్న ఉద్యోగానికి ఏమీ అవ్వదు కదా?"

"నోర్ముయ్!" అంది నీలవేణి.  "ఎవులు పంపుతారే? ఎవులికి దమ్ముంది?"

ఆ రోజంతా బయట ఏ సైకిల్ ఆగినా నీలవేణి చేతిలో పని ఆగేది. డ్యూటీ పిలుపు తెచ్చే అప్పలస్వామి పక్కింటి తలుపు తడితే, ఆ చప్పుడు పక్కింటిదేనని తెలిసీ ఆమె లేచి నిలబడింది.

సోమవారం మధ్యాహ్నం త్రినాథరావు బొగ్గు దుమ్ముతో దిగాడు. నీలవేణి ఆయన్ని స్నానం కూడా చెయ్యనివ్వకుండా సంగతి చెప్పింది. ఆయన విని, తువ్వాలు భుజాన వేసుకునే తిరిగి లాబీకి పరుగెత్తాడు. గంటన్నర తర్వాత వచ్చాడు.

"ఫారాలన్నీ రాయ్‌పూర్ ఎళ్ళిపోనాయట. హర్ష లేడు, కోర్బా ఎళ్ళాడంట. బ్యాంకుకి ఫోన్ సేస్తే అక్కడెవులో అమ్మాయి, 'వెరిఫికేషన్ అయ్యాక మాట్లాడండి' అంటాది."

స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాడు. చారు పోసుకుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట్లోకి వెళ్ళలేదు.

"ఎందుకు రాయించారండి అలగ?" నీలవేణి ఏడుపు ఆపుకుంటూ అడిగింది. "పద్నాలుగేళ్ళు కూతురని రాసిన సెయ్యి, ఆ ఒక్కరోజు అలగ రాసీగలిగిందా?"

"గార్డు బంగార్రాజు గేపకం ఉన్నాడా నీకు?" అన్నాడాయన. "బ్రేక్ వ్యాను పడిపోతే పోయినాడు. పెంచుకున్న కొడుకు. ఏ కాగితమూ లేదు. ఆ కుర్రోడు రెండేళ్ళు తిరిగినాడే ఆఫీసుల సుట్టూ. నువ్వెవులు, నువ్వెవులు అని అడగడమే. ఆఖరికి పైసా రాలేదు. నాను దినమూ బండి సివర ఆ వ్యానులోనే కూకుంటాను. ఎనకనుంచి ఏ బండొచ్చి గుద్దుతాదో నాకెరికా? నాను పోతే దీన్ని కూడా నువ్వెవులని అడుగుతారు కదా. ఒక్క కాగితంలోనైనా నిజముంటే, ఆ రెండు లచ్చలూ దీనికొస్తాయనుకున్నాను."

 ప్రేమతోనే చేశాడు, నీలవేణికి తెలుస్తూనే ఉంది. కోపం కూడా తగ్గలేదు.

"మీరు పోయాక అడుగుతారని ఇప్పుడు దాంతోటే రాయించారు," అంది. "దాని సేత్తోటే."

త్రినాథరావు ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. గదిలోంచి చిన్నమ్మి పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపటి నుంచి ఆ పేజీ ఒక్కటే తిప్పుతోందని నీలవేణికి అప్పుడు తెలిసింది.

మంగళవారం తెల్లవారుజామునే పిలుపొచ్చి వెళ్ళిన త్రినాథరావు, బండి ఉస్లాపూర్‌లోనే రద్దయిందని పదింటికల్లా తిరిగొచ్చి పడుకున్నాడు. పడుకున్నాడే గాని నిద్రపోయాడో లేదో. పదకొండున్నరకి గేటు కిర్రుమంది.

వచ్చినవాడు రెక్సిన్ సంచీ భుజాన వేసుకున్న బొద్దుపాటి మనిషి, ఇక్కడివాడే. చెమట తుడుచుకుంటూ "గార్డ్ సాబ్ కా ఘర్?" అని అడిగి, కుర్చీ చూపించకముందే కూర్చున్నాడు. మంచినీళ్ళడిగి రెండు గ్లాసులు తాగాడు. ఫ్రిజ్ వైపు చూసి కాగితం మీద ఒక టిక్కు పెట్టాడు. టీవీ వైపు చూసి ఇంకో టిక్కు పెట్టాడు. స్కూటర్ ఉందా అన్నాడు, లేదంటే గీత గీశాడు. నీలవేణి గుమ్మం కర్ర పట్టుకుని నిలబడింది. ఇంతే అయితే బాగుండు, ఫ్రిజ్జూ టీవీ చూసి వెళ్ళిపోతే బాగుండు అని మనసులో అమ్మోరికి మొక్కుకుంది.

అతను సంచీలోంచి రెండు కాగితాలు తీసి మోకాళ్ళ మీద పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకటి చిన్నమ్మి నింపిన ఫారానికి జిరాక్సు. రెండోది పాస్ సెక్షన్ నుంచి రాసి తెచ్చుకున్న చీటీ. వేలితో ఒకదాని మీదా, తర్వాత రెండోదాని మీదా కొట్టాడు.

"సౌభాగ్య ఎవరు?" హిందీలో అడిగాడు. "ఫారంలో భాంజీ అని ఉంది. ఆఫీసులో బేటీ అని ఉంది. ఏది నిజం?"

 మేనకోడలంటే ఆఫీసు కాగితం అబద్ధం. ఇతను తిరిగి అక్కడికే వెళతాడు. కూతురంటే ఫారం అబద్ధం. అబద్ధపు ఫారం పెట్టాడని ఏం చేస్తారో ఆమెకి తెలియదు. గుమ్మం కర్ర వదలకుండా నీలవేణి రెండు కాగితాల వైపూ మార్చి మార్చి చూసింది. లోపల మంచం కిర్రుమనడం వినిపించింది.

చిన్నమ్మి గదిలోంచి వచ్చి తల్లి పక్కన నిలబడింది. ఓణీ కొంగు నడుముకి దోపుకుని ఉంది. నీలవేణి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. 

"నేనే సౌభాగ్య," అంది హిందీలో. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా అంది. "నేను వీళ్ళ బేటీని. ఫారం నింపింది నేనే, చేతిరాత చూడండి. ఆ రోజు నాన్న మీద కోపమొచ్చి అలా రాశాను. నాన్న చదవకుండా సంతకం పెట్టేశారు."

"కోపమా? దేనికి?"

"విమానం కార్డు వద్దన్నాను. వినలేదు."

ఆ మనిషి ఒక క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు. "మా ఇంట్లోనూ ఒకతె ఉంది. కోపమొస్తే నాన్నా అనడం మానేసి పేరు పెట్టి పిలుస్తుంది," అన్నాడు. అని నవ్వు ఆపి కలం తీశాడు. "కాని ఇది కుదరదు బేటీ. నామినీ సంబంధం తప్పుంటే విమానం కార్డు రాదు. నేను కొట్టేస్తున్నాను."

"ఆఫీసులో చెబుతారా?" నీలవేణి నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది.

"నాకేం పని? అక్కడ బేటీ అని ఉంది, ఇక్కడా బేటీ అంటోంది. అయిపోయింది." ఫారం మీద అడ్డంగా గీత గీసి సంచీలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఇంకో కార్డుంది, అది అడగండి, దానికి ఇన్ని తలనొప్పుల్లేవు," అని వెళ్ళిపోయాడు.

గేటు పడింది. నీలవేణి గచ్చు మీద కూర్చుండిపోయింది. చిన్నమ్మి పక్కన కూర్చుని తల్లి భుజం మీద తల ఆనించింది.  గది గుమ్మంలో త్రినాథరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.  దొడ్లోకి వెళ్ళి కొళాయి తిప్పాడు. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

రెండు రోజులకి ఆయన ఇంకో ఫారం తెచ్చాడు. డబ్బు వెనక్కిచ్చే కార్డుది. చిన్నమ్మికిచ్చి, "ఇందులో సంబంధం రాసే గడి ఉందేటో సూడు," అన్నాడు.

ఆ పిల్ల ముందు వైపు చదివింది, వెనక వైపు చదివింది. "లేదు నాన్నా."

"మళ్ళీ సూడు."

"నహీఁ హై, నాన్నా. నిజంగా లేదు."

"అయితే రాయి."

నీలవేణికి సంతోషించాలనిపించింది. తను మొదటి నుంచీ కోరుకున్న కార్డే కదా. కాని ఆయన ముఖం చూస్తే భయం వదలలేదు. రెండు రోజులుగా పిల్లని చూసినప్పుడల్లా చూపు తిప్పేసుకుంటున్నాడు. ఏదో లోపల పెట్టుకున్నాడు, ఏమిటో చెప్పడు.

వచ్చే వారం ఊళ్ళో అమ్మోరి సంబరం. అప్పలనర్సమ్మ రమ్మని ఉత్తరం రాసింది. ఆ సాయంత్రం త్రినాథరావు పాసు కోసం దరఖాస్తు రాయడానికి కూర్చున్నాడు. తన పేరు రాశాడు. భార్య, నీలవేణి, యాభై ఒకటి అని రాశాడు. ఆ కింద, ఎప్పుడూ చిన్నమ్మి పేరు రాసే చోట, స్కేలు పెట్టి తిన్నగా గీత కొట్టేశాడు.

టీ గ్లాసు ఇవ్వడానికి వచ్చిన చిన్నమ్మి ఆ గీత చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"నేను రానులే నాన్నా," అంది. "పరీక్షలు దగ్గర పడ్డాయి. పక్కింటి సుశీలా ఆంటీ ఇంట్లో పడుకుంటాను."

"ఏటండిది?" నీలవేణి వంటింట్లోంచి వచ్చింది. గొంతు తగ్గించుకోవడం మర్చిపోయింది. "ఆడెవడో వొచ్చి ఎళ్ళిపోతే, ఇప్పుడు మీరు కొట్టేస్తున్నారా దీని పేరు? అంత బయమా మీకు?"

"బయమే," అన్నాడు త్రినాథరావు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు నాతోటి టేసన్‌కి రా."

మర్నాడు ఆయన తిన్నగా గోవిందరావు దగ్గరికి వెళ్ళి పాసు రాయించుకుని, స్టేషన్ రిజర్వేషన్ హాల్లోకి వచ్చాడు. అలవాటు కొద్దీ పాసుల కిటికీ ముందు నిలబడ్డాడు. తామిద్దరి బెర్తులూ అయ్యాక, "ఇంకొక టిక్కెట్టు కావాల, డబ్బులిచ్చి," అన్నాడు. లోపలి క్లర్కు నవ్వి పబ్లిక్ లైన్ చూపించాడు. ఇరవయ్యారేళ్ళు రైల్లో పనిచేసిన మనిషి, మస్తూరీ నుంచి వచ్చిన రైతుల వెనక, మూటల మధ్య, చేతిలో స్లిప్పు పట్టుకుని గంటంపావు నిలబడ్డాడు. స్లిప్పు నింపడం రాక రెండు పాడుచేశాడు. నీలవేణి గోడకానుకుని చూస్తూ నిలబడింది. ఆమెకి అర్థమవడం మొదలైంది, నమ్మకమే కుదరలేదు.

కిటికీలోంచి టిక్కెట్టు వచ్చాక ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చదివాడు.

"సూడవే," అన్నాడు. "పేరు, వొయసు, ఆడా మగా. అంతే. ఎవులి పిల్లని అడగలేదు."

"మరి ఆఫీసులో రాసింది?"

"అదలగే ఉంటాది. కూతురన్నది అబద్దం కాదు కదే. దాని పేర పాసు తీసుకోడమే అబద్దం. ఇంక తియ్యను." టిక్కెట్టుని రెండుసార్లు మడిచి, జర్నల్ పుస్తకం పెట్టుకునే జేబులో దాచుకున్నాడు. "ఆ మంగళారం లగ ఇంకెప్పుడూ దాన్ని ఎవడి ముందరా నిలబెట్టను."

ప్రయాణం రోజున ప్లాట్‌ఫారం బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. నీలవేణి నోటిదాకా ప్రశ్నలొచ్చాయి, నీ పేరేటి, నాన్న పేరేటి అని. మింగేసింది. బదులుగా సంచీలోంచి బిస్కెట్ పొట్లం తీసి చిన్నమ్మికిచ్చింది. ఆ పిల్ల పొట్లం విప్పకుండా చేతిలో పట్టుకునే కూర్చుంది.

విశాఖ బండి రాయ్‌పూర్ దాటాక టీటీ వచ్చాడు. నల్లకోటు చూడగానే నీలవేణి పాత అలవాటున చిన్నమ్మి వైపు జరిగింది. త్రినాథరావు పాసు ఇచ్చాడు. టీటీ చూసి, "గార్డ్ సాబా? బిలాస్‌పూరా?" అని పలకరింపుగా నవ్వి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆయన టిక్కెట్టు తీసి చేతికిచ్చాడు.

టీటీ టిక్కెట్టు చూశాడు, కిటికీ పక్కనున్న చిన్నమ్మిని చూశాడు. "ఈ అమ్మాయి మీతోనేనా? ఎవరు?"

చిన్నమ్మి వెన్ను నిటారుగా అయింది. నోరు తెరవబోయింది. త్రినాథరావు చెయ్యి ఆమె మోకాలి మీద పడింది.

"మేరీ బేటీ హై," అన్నాడు.

"బేటీయా?" టీటీ ఆశ్చర్యపోయాడు. "అయితే పాసులో వస్తుంది కదా సాబ్. టిక్కెట్టు ఎందుకు కొన్నారు?"

"బేటీ హై," అన్నాడు త్రినాథరావు మళ్ళీ. "ఇసీలియే."

టీటీకి ఆ 'అందుకే' ఏమిటో అర్థం కాలేదు. ముసలాడికి కొంచెం తిక్క అనుకుని ఉంటాడు. టిక్కెట్టు మీద టిక్కు పెట్టి, తిరిగిచ్చి, పక్క బెర్తుల వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. త్రినాథరావు దాన్ని జేబులో పెట్టుకోకుండా చిన్నమ్మి చేతిలో పెట్టాడు. ఆమె దాని మీదున్న తన పేరు చదువుకుంది, బిస్కెట్ పొట్లం విప్పి ముందు ఆయనకిచ్చింది.